గోడ మీది రాత ఫోన్‌లోకి ఎలా వచ్చింది?

ఈరోజు ఎపిసోడ్‌ని రైల్లో మొదలుపెడదాం. ధర్మవరం జంక్షన్‌లో బెంగళూరు వైపు వెళ్లే రైలెక్కితే పెనుకొండ, తర్వాత హిందూపురం, ఆ పైన కర్ణాటక. ఇదే దారిలో ఒకప్పుడు మన పెద్దవాళ్లు కిటికీలోంచి గోడల మీద రాతలు చదువుకుంటూ పోయేవాళ్లు. ఇప్పుడు మనం తల వంచుకుని ఫోన్ చూసుకుంటూ పోతున్నాం. ఆ గోడ మీది ప్రకటన ఫోన్‌లోకి ఎలా దూరింది, చెడ్డ సైట్లకి అన్నం ఎలా పెడుతోంది, దాన్ని ఆపాలని ఎవరెవరు ఏం చేశారు, అదే ఈరోజు కథ.

ముందు గోడ సంగతి. "ఎంత మొండి జబ్బైనా గ్యారంటీగా నయం" అనే రాతలు పట్టాల పక్కన ఎన్ని ఉండేవో మీ తాతగారిని అడగండి. అలాంటి వాటి కోసం 1954లోనే మన దేశంలో మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది. అందులో ఒక మంచి ఆలోచన ఉంది. మందు అమ్మేవాడే కాదు, ఆ ప్రకటన వేయడంలో చెయ్యి కలిపిన ఎవరైనా బాధ్యులే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక ఇంటర్నెట్. 1994 అక్టోబర్ 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అనే సైట్‌లో మొదటి బ్యానర్ ప్రకటనలు వచ్చాయి. అప్పట్లో ఏ సైట్‌లో వేయాలో కంపెనీయే చూసుకుని వేసేది. తర్వాత వేలంపాట వచ్చింది. అంటే మీరు పేజీ తెరిచి అది లోడ్ అయ్యేలోపే, మీకు ప్రకటన చూపించడానికి కంప్యూటర్ల మధ్య పాట నడిచిపోతుంది. ధర్మవరంలో ఒక పట్టుచీరల షాపాయన ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చాడనుకుందాం. "బెంగళూరులో చీరలు కొనేవాళ్లకి చూపించండి" అంటాడు. వాళ్లు ఏ సైట్‌లో ఉంటే అక్కడ చీర కనబడుతుంది. అది దొంగ సినిమా సైట్ అయినా సరే, ఆయన డబ్బులో కొంత ఆ సైట్‌వాడికి పోతుంది. పాపం ఆయనకి తెలియను కూడా తెలియదు.

పెద్ద కంపెనీలకీ ఇదే జరిగింది. 2017లో లండన్‌లోని ద టైమ్స్ పత్రిక, పేరున్న బ్రాండ్ల ప్రకటనలు యూట్యూబ్‌లో తీవ్రవాద వీడియోల పక్కన వస్తున్నాయని బయటపెట్టింది. చాలా కంపెనీలు ప్రకటనలు ఆపేశాయి. అంతకుముందే, 2013లో లండన్ సిటీ పోలీసులు మేధో హక్కుల నేరాల కోసం ఒక విభాగం పెట్టారు. వాళ్లు దొంగ సైట్ల జాబితా తయారుచేసి ప్రకటనల కంపెనీల చేతికిచ్చారు. "సైట్ మూస్తే ఇంకో పేరుతో వస్తుంది, దాని సంపాదన ఆపండి" అన్నదే వాళ్ల పద్ధతి. 2014లో కొన్ని సైట్లలో ప్రకటన ఉండాల్సిన చోట పోలీసుల హెచ్చరికే కనబడేలా చేశారు.

మన దగ్గర? 2016లో తెలంగాణ ఇలాంటి విభాగమే పెట్టింది. అయినా మన పోరాటం ఎక్కువగా సైట్లు మూయించడం మీదే నడిచింది. 2022 డిసెంబర్‌లో హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ గారి అన్‌స్టాపబుల్ షోకి ప్రభాస్ వచ్చారు కదా. ఆ ఎపిసోడ్ పైరసీ కాకుండా ఆహా వాళ్లు ముందే ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి ఆర్డర్ తెచ్చుకున్నారు. పందేల విషయంలోనూ అంతే. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించి, 132 సైట్లు, యాప్‌లు బ్లాక్ చేయమని కేంద్రానికి రాసింది. బ్లాక్ చేస్తే ఏమవుతుంది? పేరులో ఒక అక్షరం మారుతుంది, సైట్ మళ్లీ వస్తుంది.

ఇక్కడ అసలు మలుపు ఉంది. పేరున్న బ్రాండ్లు తప్పుకుంటే దొంగ సైట్ ఆకలితో చచ్చిపోతుంది అనుకున్నారు. కానీ ఆ ఖాళీలోకి బెట్టింగ్ యాప్‌లు వచ్చి కూర్చున్నాయి. 2025 నవంబర్‌లో ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. సినిమా కోసం వచ్చినవాళ్లని బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించి డబ్బు సంపాదించారని పోలీసులు చెప్పారు. అంటే సినిమా ఎర, మనం చేప.

మన జిల్లాలో మట్కా అంటే తెలియనివాళ్లు తక్కువ. కానీ మట్కా ఆడాలంటే మనిషి బీటర్‌ని వెతుక్కుంటూ వెళ్లాలి, చీటీ రాయించుకోవాలి, ఎవరైనా చూస్తారేమోనని భయపడాలి. ఇప్పుడు బీటరే ప్రకటన రూపంలో మన జేబులోకి వచ్చేశాడు. పెనుకొండలో డ్యూటీ దిగి, ఒక సినిమా చూద్దామని ఫోన్ తీసిన కుర్రాడు మట్కా కోసం రాలేదు. అయినా సినిమా మొదలయ్యేలోపే పందెం వాడి కళ్ల ముందుంది. జీతం పోతే ఇంట్లో ఎవరికీ చెప్పలేడు.

అందుకే 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లని ప్రమోట్ చేశారని సినిమావాళ్ల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టారు. కేసు పెట్టినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, అది కోర్టు తేల్చాలి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రకటన ఇస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. బ్యాంకులు కూడా ఆ లావాదేవీలు జరపకూడదు. చూశారా, 1954 నాటి మాటే మళ్లీ వచ్చింది. అమ్మేవాడొక్కడే కాదు, ప్రకటనలో చెయ్యి కలిపినవాడూ బాధ్యుడే.

నన్నడిగితే చరిత్ర చెప్పేది ఇదే. సైట్ వెనకాల ఎంత పరిగెత్తినా అది దొరకదు. దానికి డబ్బు వచ్చే దారి మాత్రం దొరుకుతుంది. ఆ దారిలో కంపెనీ ఉంది, ప్రకటన ఏజెన్సీ ఉంది, బ్యాంకు ఉంది, మన వేలు కూడా ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా షాపు కోసం ఆన్‌లైన్ ప్రకటనలు ఇస్తుంటే, అవి ఎక్కడెక్కడ కనబడ్డాయో రిపోర్ట్ తెరిచి చూడమనండి. వద్దనుకున్న సైట్లని, యాప్‌లని తీసేసే ఆప్షన్ ఉంటుంది. బెట్టింగ్ ప్రకటన కనబడితే నొక్కకండి, రిపోర్ట్ కొట్టండి. డబ్బు మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

సరే, మన రైలు హిందూపురం వచ్చేసింది. దిగేవాళ్లు దిగండి, ఫోన్ జాగ్రత్త. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.