బండిలోని వెచ్చదనం

1886లో కార్ల్ బెంజ్ నిర్మించిన మోటారు బండిలో ఇంజనును చల్లార్చే నీరు ఆవిరైపోతూండేది. దారిలో మళ్లీ మళ్లీ పోయవలసి వచ్చేది. 1901 నాటి మెర్సిడెస్ బండికి విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టువంటి రేడియేటరును అమర్చగా, కొద్ది నీటితోనే ఇంజను చల్లబడసాగింది. క్రమంగా శీతల దేశాలవారు ఆ వేడిలో కొంత ప్రయాణికులకు వినియోగించారు. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీ బయటి గాలిని వేడినీటి గొట్టాలమీదుగా బండిలోకి పంపింది. నేటి హీటరు కూడ అటువంటి చిన్న రేడియేటరే. కనుక అది మందగించడం ఒక్కొక్కప్పుడు ఇంజను లోపానికే గుర్తు.

వేసవిలో 40 డిగ్రీలు దాటే గుంటూరు, ప్రకాశం మైదానాలలో మిరప బస్తాలు మోసే పాత పికప్పు బండికి హీటరు పని తక్కువ. అదే బండి చలికాలంలో లంబసింగి కనుమ ఎక్కితే లోపం తెలుస్తుంది.

మొదట ఇంజను చల్లగా ఉన్నపుడే మూత తీసి నీటిమట్టం చూడాలి. వేడిమీద తీస్తే మరిగిన నీరు చిమ్ముతుంది. ఇంజను కొంతసేపు నడచిన పిమ్మట హీటరు గొట్టాలు రెండింటినీ జాగ్రత్తగా తాకాలి. రెండూ వేడిగా ఉంటే లోపం పంకాలోనో, గాలి తలుపులోనో ఉన్నది. ఒకటే వేడిగా ఉంటే నీటి దారి మూసుకొన్నది. పల్నాటి సున్నపురాతి నేలల బావినీరు పోస్తే, నీళ్లు కాచే బిందెలో వలె గొట్టాలలోనూ సున్నం పేరుకొంటుంది. రెండూ గోరువెచ్చగానే ఉంటే థర్మోస్టాటును అనుమానించాలి.

నీరు సుమారు 80 డిగ్రీలకు కాగేదాక రేడియేటరు దారిని మూసి ఉంచే తలుపు ఇది. ఎండ ప్రాంతమని దీనిని పీకివేయడం కద్దు. అప్పుడు ఇంజను ఆలస్యంగా వేడెక్కుతుంది. ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. సిలిండర్లు త్వరగా అరుగుతాయి. మైదానంలో కనబడని ఈ నష్టాన్ని కనుమ మీది చలి బయటపెడుతుంది.