నిప్పురవ్వ మీద పడిన నింద

పాత అంబాసిడర్ కారు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటకమని కొట్టుకోవడం చాలామంది వినే ఉంటారు. మెకానిక్ డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పి టైమింగ్ వెనక్కి పెడితే ఆ శబ్దం ఆగేది. అంటే తప్పు స్పార్కుదేనా?

1910లలో అమెరికాలోనూ ఇలాగే అనుకున్నారు. చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ ఇగ్నిషన్ కాడిలాక్ కార్లలోకి వచ్చాకే ఈ రోగం మొదలైందని నింద వేశారు. పిల్లి ఎదురొచ్చింది, పని చెడింది అన్నట్టే!

1916లో కెటరింగ్ దగ్గర చేరిన థామస్ మిడ్‌గ్లీ సిలిండర్‌లోని పీడనాన్ని నమోదు చేసి చూశాడు. స్పార్కు పడి మంట మొదలైన తర్వాతే పీడనం ఒక్కసారిగా ఎగసిపడుతోందని తేలింది. చివర మిగిలిన మిశ్రమం తనంతట తానే అంటుకోవడమే దానికి కారణమని ఇప్పుడు మనకు తెలుసు. అసలు లోపం ఇంధనంలో ఉంది. టైమింగ్ మరీ వెనక్కి పెడితే శబ్దంతో పాటు శక్తీ, మైలేజీ కూడా పోతాయి. తేలిక లోడులో పలచటి మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది గనుక వాక్యూమ్ అడ్వాన్స్ స్పార్కును ఇంకా ముందుకు జరుపుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి అది తగ్గుతుంది.

ఎర్రరంగు వేస్తే ఇంధనం వేడిని బాగా పీల్చుకుంటుందని వాళ్ళు ఊహించారు. అందుబాటులో ఉన్న అయోడిన్ కలిపితే శబ్దం తగ్గింది! నమ్మకస్తుడైతే అక్కడే ఆగిపోయేవాడు. మిడ్‌గ్లీ ఆగలేదు. వేరే ఎర్రరంగులు కలిపి చూస్తే ఫలితం లేదు. రంగులేని అయోడిన్ సమ్మేళనం పనిచేసింది. ఊహ తప్పని తనే తేల్చుకున్నాడు. అలా వెతుకుతూ 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ దగ్గరికి చేరాడు.

విషాదం ఇక్కడే ఉంది. 1924లో న్యూజెర్సీలో ఆ పదార్థం తయారీలో కార్మికులు చనిపోయారు. అప్పుడు మిడ్‌గ్లీ విలేకరుల ముందు దానితో చేతులు కడుక్కుని, వాసన పీల్చి, ప్రమాదం లేదన్నాడు. సీసం వల్ల అంతకుముందే తాను జబ్బుపడ్డాడు కూడా! నిప్పుల మీద నడిచి చూపించే బాబాకూ ఈ ప్రదర్శనకూ తేడా ఏమిటి? ఒక్క నిమిషం బతికి చూపించడం ఏళ్ళ తరబడి పీల్చే గాలికి రుజువు అవుతుందా?

సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగింది. చివరగా అల్జీరియాలో 2021లో ఆగింది. శాస్త్రవేత్త చెప్పాడని కాదు, ఎలా పరీక్షించాడో చూసి నమ్మాలి. ఇంజను విషయంలో మిడ్‌గ్లీ పాటించిన నియమం అదే. మనుషుల విషయంలో దాన్ని వదిలేశాడు.