ఫారడే పంజరం

ఫారడే పంజరం అనగా విద్యుద్వాహక పదార్థంతో అన్ని వైపులా మూయబడిన గది, పెట్టె లేదా సంచి. రేడియో తరంగాలు లోపలికి గాని బయటకు గాని పోకుండా ఇది చాలావరకు అడ్డుకొంటుంది. మైకేల్ ఫారడే 1836లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 12 అడుగుల ఘనాకారపు చట్రానికి లోహపు తొడుగు వేసి, తానే లోపల ఉండి పరీక్షించాడు. బయట ఎంత విద్యుదావేశం కల్పించినా లోపలి విద్యుద్దర్శినిలో కదలిక కనిపించలేదు.

పనిచేయు విధానం

తరంగం తాకినపుడు లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కదిలి వ్యతిరేక క్షేత్రాన్ని కలిగిస్తాయి. రంధ్రాలు తరంగదైర్ఘ్యం కన్నా చాలా చిన్నవైతే జాలీ కూడా సరిపోతుంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపులోని జాలీ ఇటువంటిదే. అందులోని తరంగాల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అయితే పొడవైన సన్నని సందు మిగిలితే తరంగాలు దానిగుండా సులభంగా దూరుతాయి. కనుక సంచి మూతిని మడిచి మూయడం ముఖ్యం.

సెల్‌ఫోన్లు

30 డెసిబెల్ తగ్గింపు అంటే సంకేతపు శక్తి వెయ్యోవంతుకు పడిపోవడం. సెల్‌ఫోన్ అంతకన్నా బలహీనమైన సంకేతాన్ని కూడా గ్రహించగలదు. టవరు దగ్గరగా ఉన్నచోట, సరిగా మూయని రేకులో చుట్టిన ఫోను మోగడంలో వింత లేదు. పోలీసులు స్వాధీనం చేసుకొన్న ఫోనులోని సమాచారాన్ని దూరం నుండి ఎవరూ చెరిపివేయకుండా ఫారడే సంచిలో ఉంచే పద్ధతి ఉన్నది. సంచిలోని ఫోను టవరు కోసం వెదుకుతూనే ఉంటుంది గనుక బ్యాటరీ త్వరగా ఖర్చవుతుంది. సంకేతాలు ఆగితే చాలనుకొనే సామాన్యునికి ఫోనును ఆపివేయడమే తేలిక.

బొగ్గు గనులలో

లోహం లేకుండానే సంకేతాలు అందని చోటు భూగర్భ గని. మంచిర్యాల జిల్లా (2016కు పూర్వం ఆదిలాబాదు జిల్లా) మందమర్రి పరిసరాలలో సింగరేణి సంస్థకు భూగర్భ గనులు ఉన్నాయి. స్థానికులు వీటిని బొగ్గుబాయి అంటారు. ఇటువంటి గనులలో పైనున్న రాతిపొరలు, తేమ సెల్‌ఫోన్ తరంగాలను పీల్చివేస్తాయి. సొరంగంలో నేరుగా కొంత దూరం పోయిన తరంగాలు కూడా మలుపుల వద్ద క్షీణిస్తాయి. ఈ ఇబ్బందికి లీకీ ఫీడర్ అనే కేబుల్ ఒక ఉపాయం. దీని లోహపు తొడుగులో కావాలనే సందులు విడిచిపెడతారు. ఆ లోపమే దారి పొడవునా వాకీటాకీలకు సంకేతాన్ని అందిస్తుంది.

గనిలోకి మామూలు ఫోన్లు తీసుకుపోరాదనడానికి కారణం వేరు. గాలిలో మీథేన్ 5 నుండి 15 శాతం వరకు ఉన్నపుడు చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. ఫోనును రేకులో చుట్టితే తరంగాలు ఆగవచ్చు గాని, బ్యాటరీ నుండి రవ్వ పుట్టే ప్రమాదం తొలగదు. అందుకు పరికరంలోని విద్యుత్ శక్తినే మండించలేనంత స్వల్పంగా పరిమితం చేయాలి. మీథేన్ ఉండే గనులలో వాడే ఇటువంటి పరికరాలకు భారతదేశంలో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం ఇస్తుంది.