బోల్టు పట్టింది సరే, ఆగుతుందా?

మీ బండి ఇంజిన్ దగ్గర ఉన్న బోల్టుల తలకాయలు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? 8.8 అనో, 10.9 అనో చిన్న అంకె కనిపిస్తుంది. చాలాకాలం నేనది సైజు అనుకున్నాను. (మెకానికల్ చదివి జావా రాసుకుంటున్న మిత్రులు నవ్వుకుంటే నవ్వుకోండి.) ఆ అంకె వెనకాల దాదాపు రెండు వందల ఏళ్ల కథ ఉంది. మనలాంటి వాళ్లు తెలుసుకోవాల్సిన కథే.

19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఏ వర్క్‌షాపు థ్రెడ్లు ఆ వర్క్‌షాపువే. (మన జావా థ్రెడ్లు కాదండోయ్, బోల్టు మీద ఉండే చుట్లు.) ఒక చోట చేసిన నట్టు ఇంకో చోట చేసిన బోల్టుకి పట్టదు. నట్టు పోయిందంటే మళ్లీ చేసినవాడి దగ్గరికే పరిగెత్తాలి. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ దీనికో దారి చూపించాడు. కొత్త కొలత ఏదో సొంత బుర్రలోంచి పుట్టించలేదాయన. రకరకాల వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీశాడు. థ్రెడ్ కోణం 55 డిగ్రీలు, ఏ లావుకి అంగుళానికి ఎన్ని చుట్లో ఒక పట్టిక. అంతే. రైల్వేలు దాన్ని అందుకున్నాయి. బ్రిటిష్ యంత్రాలతో పాటు అది మన దేశానికీ వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి కదా? కాలేదు. విట్‌వర్త్ థ్రెడ్ కొస గుండ్రంగా ఉంటుంది, చెయ్యడం కష్టం. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ లేచి, 60 డిగ్రీల కోణం, చదునైన కొస పెడితే మామూలు పనివాడు కూడా చేసుకోగలడు అన్నాడు. వాదన సబబే. కానీ ఫలితం ఏమిటి? అమెరికాది ఒక ప్రమాణం, బ్రిటన్‌ది ఇంకోటి. 1898లో జ్యూరిక్‌లో యూరప్ వాళ్లు మెట్రిక్ థ్రెడ్ మీద ఒప్పందానికొచ్చారు. మూడోది! కొత్త ప్రమాణం తెచ్చి గందరగోళం తగ్గిద్దామనుకుంటే ఏమవుతుందో మన ఫీల్డులో వాళ్లకి చెప్పక్కర్లేదు.

దీని ఖరీదు రెండో ప్రపంచ యుద్ధంలో తెలిసొచ్చింది. రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజిన్‌ని అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తయారు చెయ్యాల్సొచ్చింది. డ్రాయింగులన్నీ బ్రిటిష్ థ్రెడ్లతో ఉన్నాయి. వాటిని కోసే పనిముట్లు అమెరికాలో దొరక్కపోతే ప్యాకార్డ్ సొంతంగా చేసుకుంది. చివరికి 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 60 డిగ్రీల ఉమ్మడి థ్రెడ్‌కి సంతకాలు పెట్టాయి.

సరే, నట్టు బోల్టుకి పట్టడం దాకా వచ్చాం. పట్టింది ఆగుతుందా అనేది వేరే ప్రశ్న. తల మీద అంకె చెప్పేది అదే. 8.8లో మొదటి 8ని వందతో గుణిస్తే 800: తెగడానికి ముందు ఆ ఉక్కు తట్టుకోవాల్సిన కనీస ఒత్తిడి, మెగాపాస్కళ్లలో. చుక్క తర్వాత 8 అంటే అందులో 80 శాతం, అంటే 640 దగ్గర ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 8 మిల్లీమీటర్ల 8.8 బోల్టు తెగాలంటే సుమారు 3 టన్నుల బరువు కావాలి. అదే సైజు 4.6 బోల్టయితే టన్నున్నర చాలు. రెండూ ఒకే నట్టుకి చక్కగా పడతాయి. చేతిలో పట్టుకుంటే తేడా తెలీదు. తల మీద అంకె ఒక్కటే సాక్షి.

మరి సాక్షే అబద్ధం చెబితే? 1980లలో అమెరికాలో అదే జరిగింది. వాళ్ల గ్రేడ్ 8 గుర్తు వేసిన బోల్టుల్లో చాలావాటిలో ఉన్నది చవకైన బోరాన్ ఉక్కు. మామూలు పరీక్షలో పాసవుతుంది, వేడెక్కితే మెత్తబడుతుంది. కాంగ్రెస్ కమిటీ విచారణ దాకా వెళ్లి, 1990లో దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు.

అదే 1990, జూన్ 10న ఇంకో సంఘటన. బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17 వేల అడుగుల ఎత్తు దాటాక పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుం దాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది కాళ్లు పట్టుకుని ఆపారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దింపాడు. అదృష్టం బాగుండి అందరూ బతికారు. అంతకుముందే ఆ అద్దం మార్చారు. దానికి బిగించిన 90 బోల్టుల్లో 84 కావాల్సినదానికన్నా 0.66 మిల్లీమీటర్లు సన్నం, మిగతా 6 పొట్టివి. మార్చినాయన కేటలాగులో నంబరు చూడకుండా పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి తెచ్చాడు. అంగుళానికి చుట్లు రెండింటికీ ఒక్కటే, 32. అందుకే తిరిగాయి, బిగిశాయి. లోపల పట్టు మాత్రం లేదు.

మన భాషలో చెప్పాలంటే కంపైల్ అయింది, ప్రొడక్షన్లో కూలింది. ఇంటర్‌ఫేస్ కలిసినంత మాత్రాన పని అయిపోయినట్టు చేతులు దులుపుకునే అలవాటు మనకీ ఉంది. విట్‌వర్త్ మొదలుపెట్టింది సగం పనే. మిగతా సగం గ్రేడు, ఆ గ్రేడుని ఎవరో ఒకరు నిజంగా పరీక్షించడం, బిగించేవాడు నంబరు చూడటం. ఈ మూడింట్లో ఏది లేకపోయినా బోల్టు తిరుగుతుంది, బిగుస్తుంది, ఒకరోజు ఊడుతుంది.

ఈసారి బండి సర్వీసింగులో "ఏదో ఒకటి వేసేద్దాం సార్, పడుతుంది" అంటే ఆ బోల్టు తల మీద అంకె ఒకసారి చూడండి.