పాసు లేని ప్రయాణం

మా ఎరుకల వాళ్లలో ఉప్పు ఎరుకల అనే శాఖ ఒకటి ఉంది. వెదురు దబ్బలు చీల్చి బుట్టలు అల్లేవాళ్లు దబ్బ ఎరుకల అయినట్టే, ఉప్పు మోసినవాళ్లు ఉప్పు ఎరుకల అయ్యారు. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని మెట్ట ఊళ్లకు పోవడం, అక్కడి ధాన్యం వేసుకుని తిరిగి రావడం వాళ్ల పని. ఇంటిల్లిపాదీ దారి వెంటే ఉండేవాళ్లు. ఇంట్లో కుర్రు భాష, సంతలో తెలుగు.

ఈ సంగతి మా పిల్లల పాఠ్యపుస్తకాల్లో కనబడదు. మా గురించి కనబడేది ఎక్కువగా పోలీసు రికార్డులోనే. అందుకే తణుకు మీదుగా పోయే పెద్ద రోడ్డు మీద ఒక ఎరుకల కుర్రాడి బండిని ఆపినప్పుడు ఏం జరుగుతుందో చెప్పాలంటే ముందు ఉప్పు సంగతి చెప్పుకోవాలి.

ఉప్పు అమ్మకం సర్కారు గుప్పిట్లోకి పోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల మీద పడవలు సరుకు మోశాయి. తరువాత రైలు వచ్చింది. ఒక రైలు పెట్టె మోసే ఉప్పు ముందు గాడిద ఏపాటి? దారులు మారాయి, మా వాళ్లు మాత్రం పాత దారుల్లోనే తిరిగారు, చేతిలో సరుకు లేకుండా. సరుకుతో తిరిగితే వర్తకుడు. సరుకు లేకుండా తిరిగేవాణ్ణి సర్కారు మరో పేరుతో పిలిచింది.

ఆ పేరు పెట్టే పని అప్పుడే కొత్తగా తయారైన పోలీసు శాఖకు అప్పజెప్పారు. ఈ శాఖ పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. శిస్తు రాబట్టడానికి రైతులను ఎండలో వంచి నిలబెట్టడం, చేతివేళ్లను కిట్టిలో పెట్టి నొక్కడం మద్రాసు రాజధానిలో మామూలేనని సర్కారు వేసిన విచారణ సంఘమే 1855లో తేల్చింది. ఆ తరువాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. అంటే చెయ్యి చేసుకోవడాన్ని అదుపు చేయాలన్న మాట ఆ శాఖ పుట్టినప్పుడే ఉంది. మన్యంలో అది నిలవలేదని కోయ, కొండరెడ్డి సోదరులకు మేం చెప్పనక్కర్లేదు. 1879 రంప పితూరీకి కల్లు పన్నుతో పాటు పోలీసుల వసూళ్లూ కారణమే.

నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలైంది. 1911లో దాన్ని తిరగరాసి దేశమంతటికీ చాచినప్పుడు మద్రాసు రాజధాని దాని కిందికి వచ్చింది. 1924లో మళ్లీ మార్చారు. ఒక జాతిని నోటిఫై చేస్తే, అందులో రిజిస్టరైన మనిషి వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు హాజరు పలకాలి. హద్దు దాటాలంటే పాసు ఉండాలి. పాసు లేకుండా హద్దు బయట కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఆ అధికారం పోలీసుకే కాదు, గ్రామాధికారికీ, ఊరి కావలివాడికీ ఇచ్చారు. దొంగతనానికి సిద్ధపడుతున్నట్టు తోచే పరిస్థితుల్లో కనబడ్డాడని కోర్టు నమ్మితే 3 ఏళ్ల దాకా జైలు. దొంగతనం జరగనక్కర్లేదు, కనబడితే చాలు.

అధికారి విచక్షణ అనే మాట ఇవాళ తరచు వింటున్నాం. చీకట్లో, క్షణంలో నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందంటారు. అది నిజమే. రాత్రి రెండు గంటలకు హైవే మీద నిలబడ్డ కానిస్టేబుల్‌కు ఎదురుగా వచ్చే బండిలో ఎవరున్నారో తెలియదు. లారీలు ఆగవు, తాగినవాళ్లు మీదికి వస్తారు. కానీ ఆ క్షణంలో అతను చూసే చూపు అప్పటికప్పుడు పుట్టినది కాదు. ఎవరిని అనుమానించాలో 1911 చట్టమే రాసిపెట్టింది. కావలివాడు మనిషిని చూడక్కర్లేదు, కులం అడిగితే సరిపోయేది. ఇవాళ తెలుగులో తిట్టుగా వాడే ‘కేడీ’ మాట పుట్టింది కూడా మద్రాసు పోలీసు రిజిస్టరులోనే. ‘నోన్ డిప్రెడేటర్’ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. పేరుమోసిన దోపిడీగాడని అర్థం. రిజిస్టరు మాట వీధిలోకి వచ్చి, సినిమాల్లో చేరి, బడి పిల్లల నోళ్లలో కూడా పడింది.

సెటిల్‌మెంట్ల సంగతి చాలామంది రాశారు కనుక క్లుప్తంగా చెబుతాం. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడి మా వాళ్లు చీరాల పొగాకు కంపెనీలో కూలి చేశారు. మనుషులను మంచివాళ్లను చేస్తామన్న ఆ ఊరి పేరు చివరికి దొంగల సినిమాలకు పనికొచ్చింది.

1936లో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని గట్టిగా ఖండించారు. మద్రాసు ప్రభుత్వం 1947లో దాన్ని తీసేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఆ రోజునే విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. అయితే మద్రాసులో 1948కల్లా అలవాటు నేరస్థుల చట్టం తయారైంది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన సొంత చట్టం చేసుకుంది. కాగితం మీద జాతి పోయి మనిషి వచ్చాడు. స్టేషనులో ఆ మనిషి ఏ జాతివాడో అందరికీ తెలుసు.

ఇక రోడ్డు దగ్గరికి వద్దాం. సిద్ధాంతం వంతెన దాటి తణుకు మీదుగా తాడేపల్లిగూడెం వైపు పోయే రహదారిని చాలాకాలం 5 నంబరు అన్నాం, ఇప్పుడు 16 అంటున్నారు. దాని మీద బండి ఆపే అధికారం పోలీసుకు ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపాలి. కాగితాలు లేకపోతే చలానా రాయవచ్చు, కొన్ని తప్పులకు బండి పట్టుకోవచ్చు. ఆ చట్టంలో లాఠీ ఎక్కడా లేదు. అరెస్టు చేయాల్సి వచ్చి మనిషి ఎదురు తిరిగితే అవసరమైనంత బలం వాడవచ్చని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. పారిపోకుండా ఆపడానికి కావలసినదానికి మించి నిర్బంధించకూడదనీ అదే చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలోనూ ఆ రెండు మాటలూ ఉన్నాయి. హెల్మెట్ లేనందుకు కొట్టడం వీటిలో దేని కిందికీ రాదు.

2020 జులైలో చీరాల కొత్తపేట చెక్‌పోస్టు దగ్గర మాస్కు లేదని బండి మీద పోతున్న ఇద్దరు యువకులను ఆపారు. వాళ్లలో ఒక దళిత యువకుడు తలకు దెబ్బ తగిలి, తరువాత ఆసుపత్రిలో చనిపోయాడు. కొట్టారని కుటుంబం అంది, వాహనంలోంచి దూకాడని పోలీసులు అన్నారు. ప్రభుత్వం కుటుంబానికి రూ.10 లక్షలు ప్రకటించింది. చీరాల నుంచి స్టువర్టుపురం ఎంతో దూరం లేదు. అదే నెలలో మన గోదావరి ఒడ్డున, రాజమండ్రికి ఎగువనున్న సీతానగరంలో, ఇసుక లారీల గొడవ తరువాత మరో దళిత యువకుడికి పోలీసు స్టేషనులోనే గుండు గీయించారు. అక్కడి ఎస్సైని సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. ఒకటి మాస్కు, ఒకటి ఇసుక లారీ. ప్రాణానికో పరువుకో ముడిపడేంత పెద్ద సంగతులు కావు ఇవి. ఎదుటివాడు ఎవరో తెలిశాక అలా అయ్యాయి. వాళ్లది మా కులం కాకపోయినా ఇది మాకు బాగా తెలిసిన కథే.

మా కుర్రాళ్లు బుట్టలు, చీపుళ్లు వేసుకుని బండ్ల మీద ఊళ్లు తిరుగుతారు. ఆటోలు తోలుతారు. పందులను వేరే ఊరికి తోలాలంటే రాత్రే బయల్దేరాలి, పగటి ఎండకు అవి తట్టుకోవు. రాత్రి బండి ఆపితే మొదటి ప్రశ్న లైసెన్సు గురించి, రెండోది కులం గురించి. రెండో ప్రశ్న అడిగే అధికారం ఏ సెక్షనులోనూ లేదు. మొబైల్‌లో డిజీలాకర్ కాగితాలు చెల్లుతాయని తెలిసినా మా వాళ్లు జిరాక్సులు ప్లాస్టిక్ కవరులో పెట్టి సీటు కింద దాచుకుంటారు. ఆపగానే పరిగెత్తవద్దని మేం పిల్లలకు చెబుతాం. పరిగెత్తినవాడు దొంగ అనే లెక్క చాలా పాతది. మన్యంలో శ్రీరామరాజును 1924 మే 7న పట్టుకుని కాల్చినప్పుడు కూడా, పారిపోబోయాడనే సర్కారు రాసుకుంది.

సుప్రీంకోర్టు 2024లో రెండు తీర్పులు ఇచ్చింది. మే 7 నాటి అమానతుల్లా ఖాన్ కేసులో, వెనుకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీలకు చెందిన అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కకుండా చూడమని రాష్ట్రాలకు చెప్పింది. అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో జైళ్లలో కులవివక్షను కొట్టివేస్తూ, విముక్త జాతుల వాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదంది. అలవాటు నేరస్థుల చట్టాలు అసలు అవసరమా అని ప్రభుత్వాలు చూసుకోవాలని కూడా అంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ చట్టాలను తీసేయమని 2000లోనే సిఫారసు చేసింది.

ఆ రెండు తీర్పుల సారం తెలుగులో ఒక పేజీకి సరిపోతుంది. చెక్‌పోస్టు డ్యూటీకి వెళ్లే ప్రతి కానిస్టేబుల్‌కూ ఆ పేజీ చదివించి సంతకం తీసుకోవాలనీ, బండి ఆపినప్పుడు కులం అడగకూడదని అందులో విడిగా రాయాలనీ మేం కోరుతున్నాం.