వార్తల బారులు, నమూనా దారులు

చెరకు కోతల కాలమున గోవాడ చక్కెర కర్మాగారము ఎదుట బండ్లు బారులు తీరుట చీడికాడ, చోడవరము ప్రాంతముల రైతులు ఎరుగని విషయము కాదు. గంటకు ఎన్ని బండ్లు వచ్చుచున్నవో, ఎన్ని బండ్లను తూచగలరో తెలిసినచో, కడపటి బండి ఎంతసేపు నిలువవలసి యుండునో సుమారుగా లెక్క కట్టవచ్చును.

కంప్యూటర్ల నడుమ వార్తలు నడచు తీరును ఇట్టిదే. పెద్ద వార్త చిన్నచిన్న పొట్లములుగా విడిపోవును. ప్రతి పొట్లము కూడలి కూడలికి ఆగి, తన వంతు వచ్చిన పిదప ముందుకు సాగును. కూడలిలో చోటు చాలనిచో పొట్లము జారిపోవును. ఇట్టి బారుల గణితమునకు పునాది వేసినవాడు డెన్మార్కు దేశస్థుడైన ఎర్లాంగ్. ఆయన కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసినవాడు. తొలి వ్యాసమును 1909లో ప్రకటించెను.

కాని కాగితము మీది గణితము ఒక్కటే చాలదని 1986 అక్టోబరులో తేలినది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము సుమారు 400 గజములు. ఆ దారిలో సెకనుకు 32,000 బిట్ల వేగము హఠాత్తుగా 40 బిట్లకు పడిపోయెను. పొట్లము అందలేదని తలచిన యంత్రము దానిని మరల పంపును. అందరును మరల పంపుటచే రద్దీ ఇంకను హెచ్చును. రద్దీ కనబడగానే పంపువారే వేగము తగ్గించుకొనవలెనను ఉపాయమును వాన్ జాకబ్సన్ 1988లో ప్రకటించెను.

అయితే, క్రొత్త నియమము మంచిదో కాదో పరీక్షించుట ఎట్లు? వేలమంది వాడుచున్న దారిమీద ప్రయోగము చేసి, అది వికటించినచో నష్టము అందరిదియును. కనుక ఒక కంప్యూటరులోనే వేయి కంప్యూటర్ల నెట్‌వర్కును ఊహించి, పొట్లములను అందులో నడిపించి చూచు ప్రోగ్రాములు పుట్టినవి. ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివిన కేశవ్, బర్క్‌లీలో ‘రియల్’ అను సిమ్యులేటరును రచించెను. దాని నుండియే 1989లో ‘ఎన్.ఎస్.’ మొలకెత్తినది. హంగరీకి చెందిన ఆండ్రాస్ వర్గా రచించిన ‘ఓమ్‌నెట్’ 1997లో వెలువడినది. ‘ఎన్.ఎస్.-3’ నిర్మాణము 2006లో ఆరంభమై, తొలి ప్రతి 2008లో విడుదలైనది. దీని మూలప్రతిని ఎవరైనను ఉచితముగా తీసికొని చదువవచ్చును, సవరింపవచ్చును. వేయి యంత్రములు కొనలేని కళాశాలకు ఇది గొప్ప వరము.

వరము వెంట ఒక ప్రమాదమును వచ్చినది. నమూనాలో దారిని నున్నగా ఊహించినచో ఫలితమును నున్నగానే వచ్చును. సంచార నెట్‌వర్కుల సదస్సు ఒకదానిలో 2000 నుండి 2005 వరకు వెలువడిన పత్రములను ముగ్గురు పరిశోధకులు పరిశీలించిరి. 151 పత్రములలో 114 సిమ్యులేషను మీదనే ఆధారపడినవి. కాని ఇతరులు మరల చేసి చూచుటకు వీలైనవి నూటికి 15 కంటె తక్కువ. మరల చేసి చూడలేని ప్రయోగమును శాస్త్రమని ఎట్లు నమ్ముట?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుట ఇట్టి ప్రోగ్రాములకై జరుగు సదస్సుల ముఖ్యకార్యములలో నొకటి. అచ్చట ప్రోగ్రాము వ్రాసినవారును, వాడువారును ఒకచోట కూర్చుందురు. ఒకరి నమూనాను మరొకరు విప్పి చూతురు. నిజమైన పరికరములతో సరిపోల్చి లోపములను దిద్దుదురు. ఎన్.ఎస్.-3 సదస్సు 2009లో రోము నగరమున మొదలై, ఐరోపా, అమెరికా పట్టణములలో సాగి, 2018 జూన్ నెలలో మన పొరుగు రాష్ట్రమైన కర్ణాటకకు వచ్చినది. సముద్రతీరమందలి సురత్కల్‌లో, జాతీయ సాంకేతిక విద్యాసంస్థ దానికి ఆతిథ్యమిచ్చినది.

పండితుల గోష్ఠితో చీడికాడ వంటి ఊరికి పనియేమని అడుగవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. స్తంభములు కూలి, కరెంటు పోయి, టెలిఫోనులు మూగవోయినవి. తరువాత 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ తీగలు పెక్కుచోట్ల విద్యుత్ స్తంభముల మీదుగానే సాగినవి. ఒక స్తంభము కూలినచో ఏ యే ఊళ్లకు వార్త తెగును, ఏ చుట్టుదారిని మళ్లింపవచ్చును, ఆ దారి అంత రద్దీని మోయగలదా అను ప్రశ్నలకు తుఫాను వచ్చు వరకు వేచియుండ నక్కరలేదు. నమూనాలో ఆ తీగను తెంచి ముందుగానే చూచుకొనవచ్చును.

అయితే నమూనా సత్యము పలికిన నాడే ఆ లెక్క అక్కరకు వచ్చును. తప్పు లెక్కను నమ్మి వేసిన తీగ, గాలివాన నాడు ఊరి వారి కేకను బయటికి చేర్చదు. సదస్సులలో ఒకరి లెక్కను మరొకరు దిద్దుటకు గల విలువ ఇదియే.