మినిట్స్ లేని యుద్ధం

1962 సెప్టెంబరులో చైనా సరిహద్దు మీద ఢిల్లీలో వరసగా సమావేశాలు జరిగాయి. విషయం అతి రహస్యం కాబట్టి మినిట్స్ రాయవద్దని రక్షణ మంత్రి కృష్ణమీనన్ చెప్పారు. నెల తిరిగేసరికి యుద్ధం వచ్చింది. రక్షణశాఖ లెక్క ప్రకారం మనవాళ్లు 1,383 మంది చనిపోయారు, 1,696 మంది ఆచూకీ దొరకలేదు, 3,968 మంది పట్టుబడ్డారు. దీనికి బాధ్యులెవరని దేశం అడిగింది. తీసి చూపించడానికి కాగితాలు లేవు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో ఇచ్చిన విచారణ నివేదికను ప్రభుత్వం బీరువాలో పెట్టి తాళం వేసింది. దాంతో యుద్ధం నడిపినవాళ్లు రాసుకున్న పుస్తకాలే చాలాకాలం చరిత్రగా చలామణీ అయ్యాయి.

సేనానుల్లో మొదట గొంతు విప్పింది లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం.కౌల్. ఆయన 'ది అన్‌టోల్డ్ స్టోరీ' 1967లో వచ్చింది. ఆయన కింద పనిచేసి చైనావాళ్లకు పట్టుబడ్డ బ్రిగేడియర్ జాన్ దాల్వీ 1969లో 'హిమాలయన్ బ్లండర్' రాశారు. అక్టోబరు 10 ఉదయం సంగతి ఇద్దరి పుస్తకాల్లోనూ ఉంది. ఈశాన్య సరిహద్దులోని నామ్‌కా చూ వాగు అవతల సెంగ్‌జాంగ్ దగ్గరున్న కొద్దిమంది పంజాబ్ రెజిమెంట్ జవాన్ల మీద చైనా సేన విరుచుకుపడింది. మోర్టార్లు, మెషిన్‌గన్లతో ఆదుకోమని వాళ్లు అడిగారు. దాల్వీ ఒప్పుకోలేదు. ఇవతలి నుంచి కాల్పులు మొదలైతే వాగు ఒడ్డున పల్లంలో ఉన్న బ్రిగేడ్ అంతా పైనున్న శత్రువు గురికి చిక్కుతుందని ఆయన భయం. కళ్లెదుట తన మనుషులు చస్తుంటే చేతులు కట్టుకుని నిలబడాల్సి రావడం ఆ పుస్తకంలోని కోపానికంతటికీ మూలమని నాకనిపిస్తుంది.

కోర్ కమాండర్ కౌల్ కూడా ఆ ఉదయం అక్కడే ఉన్నారు. పరిస్థితి చూసి, పైవాళ్లకు చెప్పాలని అదేరోజు ఢిల్లీకి బయల్దేరారు. చైనా సేనను అక్కడి నుంచి వెళ్లగొట్టే పని అసాధ్యమని గ్రహించి హెచ్చరించడానికే వెళ్లానని ఆయన అంటారు. అంతకుముందు దాకా సైన్యాన్ని ముందుకు తోసింది ఆయనే అని దాల్వీ అంటారు. ఢిల్లీలో దాడి ఆలోచన పక్కనపెట్టారు గాని బ్రిగేడ్‌ను మాత్రం వాగు ఒడ్డు నుంచి కదల్చలేదు. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా దెబ్బకొట్టింది. కొద్ది గంటల్లో బ్రిగేడ్ చెదిరిపోయింది.

ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టర్ బి.ఎన్.మల్లిక్ (1971), నాలుగో డివిజన్ కమాండర్ నిరంజన్ ప్రసాద్ (1981), సైనిక కార్యకలాపాల డైరెక్టర్ డి.కె.పాలిత్ (1991) కూడా రాశారు. బ్రిగేడియర్‌కు తప్పు కోర్ దగ్గర కనిపిస్తుంది, కోర్ కమాండర్‌కు ఢిల్లీలో కనిపిస్తుంది. వీళ్లలో పాలిత్ మాటకు నేను ఎక్కువ విలువిస్తాను. నిర్ణయాలు జరిగిన గదుల్లో ఆయన స్వయంగా కూర్చున్నారు.

చరిత్ర రచన వైపు మొదటి పెద్ద కుదుపు 1970లో వచ్చిన నెవిల్ మాక్స్‌వెల్ 'ఇండియాస్ చైనా వార్'. ఢిల్లీలో లండన్ టైమ్స్ విలేకరిగా పనిచేసిన ఆయన చేతికి హెండర్సన్ బ్రూక్స్ రహస్య నివేదిక చిక్కింది. భారత్ ముందుకు జరిపిన పోస్టులే చైనాను రెచ్చగొట్టాయన్నది ఆయన వాదన. ఇక్కడ ఆగ్రహం పెల్లుబికింది. కొన్నేళ్లపాటు చర్చంతా ఆయన్ని ఒప్పుకోవడమా, తిట్టడమా అన్నదగ్గరే ఆగిపోయింది. స్టీవెన్ హాఫ్‌మన్ (1990), జాన్ గార్వర్, శ్రీనాథ్ రాఘవన్ (2010) దాన్ని ముందుకు నడిపారు. 1959 తర్వాత టిబెట్ విషయంలో భారత్ ఉద్దేశాన్ని చైనా నాయకులు తప్పుగా చదివారని గార్వర్ చూపించారు. రాఘవన్ ఒకప్పుడు సైన్యాధికారి. అయినా సేనానుల సలహాలోని లోపాలను ఆయన దాటవేయలేదు. ఒక్క నెహ్రూ మీద నెపం నెట్టి తప్పుకునే దారి ఆ పుస్తకంతో మూసుకుపోయింది.

అయినా చరిత్రకారుల పుస్తకాలు చదివాక నేను మళ్లీ దాల్వీ దగ్గరికే వస్తాను. నూలు బట్టలతో, కాన్వాస్ బూట్లతో పదివేల అడుగులు దాటిన ఎత్తులో జవాన్లు ఎలా ఉన్నారో, విమానాలు జారవిడిచిన సరుకు మూటలు లోయల్లోకి ఎలా దొర్లిపోయాయో ఆయన పేజీల్లోనే కనిపిస్తుంది.

కానీ ఆ జవాన్లు తాముగా రాసింది మరీ తక్కువ. లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర నవంబరు 18న మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావ్ దళం దాదాపు చివరి మనిషి దాకా పోరాడింది. బతికి వచ్చిన కొద్దిమంది ఆ సంగతి చెబితే మొదట నమ్మలేదు. మంచులో గడ్డకట్టిన శవాలు, చేతుల్లో ఆయుధాలతో 1963లో దొరికాకే నమ్మారు. రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో బంధించిన భారతీయ చైనీయుల కథ పుస్తకాలకెక్కడానికైతే దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

రక్షణశాఖ చరిత్ర విభాగం 1992లో పూర్తిచేసిన అధికారిక చరిత్రను ప్రజలకివ్వలేదు. అది పత్రికల ద్వారా బయటపడింది. 2014లో హెండర్సన్ బ్రూక్స్ నివేదికలో కొంత భాగాన్ని మాక్స్‌వెల్ ఇంటర్నెట్‌లో పెట్టారు. మిగతాది ఇప్పటికీ తాళంలోనే ఉంది. ఆ యుద్ధంలో ఇరవయ్యేళ్ల సిపాయిగా ఉన్నవాడికి ఇప్పుడు ఎనభై దాటాయి. అతను బతికుండగానే ఆ నివేదికను బయటపెట్టాలి.